మొటిమకు పంచిన లడ్డూలు

నేను ఉద్యోగంలో ఉండగా మా విభాగం రెండుసార్లు లడ్డూలు పంచింది. రెండుసార్లూ ఒకే మనిషి కోసం, ఒకే మొహం కోసం. మొదటిసారి పంచినప్పుడు మేం నిజంగానే బుద్ధి తక్కువ వాళ్లం. రెండోసారి పంచినప్పుడు మిఠాయి కొట్టాయన మమ్మల్ని బుద్ధి తక్కువ వాళ్లనుకున్నాడు. ఈ రెంటి మధ్యా ఏం జరిగిందో చెప్తాను. కొత్తగా నర్సులుగా చేరుతున్న పిల్లలు, ముఖ్యంగా పెద్ద పెద్ద మెషీన్లున్న గదుల్లో డ్యూటీ పడినవాళ్లు, కాస్త ఫోన్లు పక్కన పెట్టి వినండి. మీలో చాలామందికి తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు గానీ చదవాలంటే కష్టమని నాకు తెలుసు. ఇంట్లో అమ్మో నాన్నో ఉంటే చదివి పెట్టమనండి, వాళ్లకీ పొద్దుపోతుంది.

నేను ఈ దీవుల్లోనే పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి హార్బర్‌లో పనికి కుదిరాడు, మళ్లీ వెనక్కి పోలేదు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో నర్సునయ్యాను. ఊరి పేరు మార్చారు, నా నోరు ఇంకా మారలేదు, ఏమనుకోకండి. ఏ ఆసుపత్రో చెప్పను, ఎవరి పేరూ చెప్పను. చెప్పానంటే సాయంత్రానికల్లా దీవి చివరిదాకా పాకిపోతుంది, మర్నాడు చేపల మార్కెట్లో నాకు తగువు. నన్ను అందరూ దీదీ అనే పిలిచేవారు, నాకన్నా పదేళ్లు పెద్దవాళ్లతో సహా. ఇప్పుడు ప్రోతరాపూర్‌లో ఇంటి వెనకాల నాలుగు వంగ మొక్కలు, రెండు బీర పాదులు వేసుకుని వాటిని కోప్పడుతూ బతుకుతున్నాను. అవి నా మాట వినవు. పేషెంట్లే నయం.

స్కిన్ విభాగంలో మేం ముగ్గురం. డాక్టరు సారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన కుర్రవాడు, తెలివైనవాడు, నవ్వితే చెవులదాకా నవ్వుతాడు. ఓడ అన్న మాట వింటేనే కడుపులో తిప్పుతుంది ఆయనకి. టెక్నీషియన్ భయ్యా ఇక్కడే పుట్టిన బెంగాలీ, మెషీన్లతో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడతాడు, మనుషులతో మాట్లాడడు. ఆ ఇద్దరి మధ్యా మాట్లాడే బాధ్యతంతా నా మీద పడింది. నేనూ కాదనలేదు.

అలాంటి రోజుల్లో మాకు లేజర్ మెషీన్ వచ్చింది. పుట్టుకతో మొహం మీద ఎర్రమచ్చ ఉన్న పిల్లల కోసం తెప్పించారు. అది చర్మం కింద సన్నటి రక్తనాళాలను వెతుక్కుని వాటినే కొడుతుంది, చుట్టుపక్కల జోలికి పెద్దగా పోదు. చెన్నై నుంచి చెక్కపెట్టెలో ఓడ మీద వచ్చింది. కంపెనీ ఇంజనీరు వచ్చి బిగించేదాకా ఆగాలని కాగితం మీద రాసి ఉంది. బిగించడానికి ఆగాం గానీ పూజకి ఆగలేదు. కొబ్బరికాయ నేనే కొట్టాను. పసుపు రాశాం, దండ వేశాం. భయ్యాకి భక్తి ఎక్కువై, వెలుతురు బయటికొచ్చే గాజు మీద కూడా కుంకుమ బొట్టు పెట్టాడు. ఇంజనీరు వచ్చి ఆ బొట్టు చూసి కుర్చీలో కూలబడ్డాడు. అది తుడవడానికే ఆయనకి ఒక పూట పట్టింది. వెళ్లేముందు మెషీన్‌కి బొట్టు పెట్టరాదని ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాసి తలుపుకి అంటించాడు. నేను రిటైరయ్యే రోజున కూడా ఆ కాగితం అక్కడే ఉంది.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆవిడ ఇక్కడికి బస్సులో ఓ పూట దూరమున్న రంగత్‌లో, ఒక చిన్న బడిలో రెండో తరగతి పంతులమ్మ. ఆవిడ తల్లిదండ్రులూ మావాళ్లలాగే ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఆవిడకి యాభై ఏళ్లకి అటూ ఇటూగా ఉంటాయి. పొద్దున్నే ఓపీలో చాంతాడంత వరస. ఆవిడ నా ముందు కూర్చుని మొహానికి కప్పుకున్న కొంగు తీశారు. ముక్కు, బుగ్గలు, నుదురు, గడ్డం, ఎక్కడ చూసినా ఎర్రటి గుల్లలు, వాటి కొసన చీము. కాలేజీ పిల్లలకి వచ్చే మొటిమల్లాగే ఉన్నాయి, కాకపోతే పదింతలు. నేను ఇంకేమీ అడక్కుండానే, వేయించిన చేప తగ్గించండి, రోజుకి నాలుగుసార్లు సబ్బుతో మొహం బాగా రుద్ది కడగండి అని రోజూ చెప్పే పాఠం అప్పజెప్పేశాను.

ఆవిడ పూర్తిగా విన్నారు. మంచి పంతుళ్లకి వినడం కూడా వచ్చు. విన్నాక మెల్లగా అన్నారు. "ఇవి వయసు మొటిమలు కావు దీదీ. నాకు ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. దానికి రోజుకో గోలీ వేసుకుంటన్నాను. ఇవి ఆ గోలీ వల్ల వచ్చినవండీ."

నాలుక కరుచుకున్నాను. ఆవిడే నన్ను ఓదార్చారు, మా క్లాసు పిల్లలు కూడా ప్రశ్న పూర్తవకముందే జవాబు చెప్పేస్తారులెండి, అలవాటే అని. సారు వచ్చి చూసి, ఆ సబ్బు సంగతి వెంటనే మర్చిపొమ్మన్నారు. చూడటానికి మొటిమల్లా ఉన్నా ఇవి మొటిమలు కావట, ఎండగడితే ఇంకా రేగుతాయట. ఆ మందు క్యాన్సరు కణాల్లో దేన్ని పట్టుకుని ఆపుతుందో అది చర్మంలోనూ ఉంటుంది. దాన్నీ ఆపుతుంది, చర్మం అలుగుతుంది. అదీ సంగతి. ఇంకో తమాషా కూడా ఉంది, ఆ మందుకి కొందరికి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా పెరిగి మెలి తిరుగుతాయి. ఆవిడకీ పెరిగాయి. జన్మలో మొదటిసారి కాటుక ఖర్చు తప్పిందని ఆవిడే నవ్వించారు.

ఆవిడకి క్యాన్సరంటే భయం లేదని కాదు. కానీ ఆవిడని తినేస్తున్నది అది కాదు. మొహం ఇలా అయినప్పటి నుంచి పిల్లలు నోటుబుక్కు చేతికివ్వడం మానేశారు. బల్ల మీద పడేసి వెనక్కి పరుగెడుతున్నారు. అమ్మవారు పోసిందని ఎవరో అన్నారట, ఒకరిద్దరు తల్లులు వచ్చి మా పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టండని అడిగారట. రోజూ కొంగు పట్టుకు తిరిగే ఒక చిన్నపిల్ల ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోతోందట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ కొంగు మళ్లీ మొహం మీదకి లాక్కున్నారు.

ఆవిడ బయటికి వెళ్లాక సారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. ఊపిరితిత్తుల్లో ఉన్న క్యాన్సరు గడ్డని పెరగకుండా పట్టి ఉంచుతున్నది ఆ గోలీ ఒక్కటే. ఈ మొహం భరించలేక ఆవిడ గోలీ మానేస్తే మనం ఎన్ని చేసినా దండగ. కాబట్టి మన పని మొహం బాగుచేయడం కాదు, మొహం వల్ల గోలీ ఆగకుండా చూడటం. ఎంత చక్కటి మాట. ముగ్గురం తలలూపాం. ముగ్గురం మర్చిపోయాం.

ముందు పూతమందులు, గొట్టం మాత్రలు ఇచ్చారు. చీము తగ్గింది, ఎరుపు తగ్గలేదు. అప్పుడు సారు చూపు లేజర్ వైపు తిరిగింది. ఇలాంటి దద్దుర్లకి అక్కడక్కడా ఈ వెలుతురు వాడి చూశారని, కొందరికి మేలు చేసిందని, పక్కాగా చెప్పలేమని, మన దగ్గర ఇదే మొదటిసారని ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పారు. క్యాన్సరు డాక్టరునీ అడిగారు. పంతులమ్మ, నేను కూడా ఏడాదికో కొత్త పాఠం మొదలెడతాను, కానివ్వండి అన్నారు. చెవి కింద చిన్న చోట కొట్టి చూసి, ఏ గొడవా లేదని తేలాక మొదలెట్టాం.

ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. అందరం కళ్లజోళ్లు పెట్టుకున్నాం, ఆవిడ కళ్లు కప్పేశాం. భయ్యా మెషీన్‌ని రాణీ రాణీ అని బుజ్జగిస్తున్నాడు. చల్లటి గాలి బుస్సుమంటుంది, వెంటనే రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చుర్రుమంటుంది. మొదటి దెబ్బకి ఆవిడ ఉలిక్కిపడ్డారు. రెండో దెబ్బకి లెక్కపెట్టడం మొదలెట్టారు, బడిలో చెప్పించినట్టు, ఏక్, దో, తీన్ అని రాగం తీస్తూ. భయ్యా కూడా అందుకున్నాడు. నోరు విప్పని మనిషి ఆ రోజు ఎక్కాల పిల్లాడైపోయాడు. మధ్యలో ఒక అంకె తప్పితే ఆవిడ కళ్లు కప్పి ఉండగానే సరిదిద్దారు. సారుకి నవ్వొచ్చి చెయ్యి కదులుతోందని పని ఆపాల్సి వచ్చింది.

నాలుగు వారాలకోసారి రమ్మన్నాం. ఆవిడ ముందురోజు బస్సులో దిగి, ఇక్కడే మిన్నీ బేలో వాళ్లక్క ఇంట్లో ఉండి, పొద్దున్నే మా దగ్గరికొచ్చి, ఆ మర్నాడు వెళ్లిపోయేవారు. మొదటిసారి తర్వాత ఓ పిసరు తగ్గింది. రెండోసారి ఇంకో పిసరు తగ్గుతుందని సారు దెబ్బ కొంచెం పెంచారు. మొహం అక్కడక్కడా నీలంగా కమిలింది, వారంలో పోతుందని చెప్పి పంపించాం.

ఈలోగా గోలీల సంగతి ఒకటుంది. అవి మా ఆసుపత్రి మందుల కౌంటరుకే వచ్చేవి. ఎప్పుడొస్తాయో విమానానికే తెలియాలి. ఆవిడ వచ్చే రోజూ గోలీలు వచ్చే రోజూ ఒక్కసారీ కలిసిరాలేదు. అందుకని ఇక్కడ అందరం చేసే పనే నేనూ చేసేదాన్ని. ఆవిడ కార్డు చూపించి నెల ప్యాకెట్టు నేనే తీసుకుని, రంగత్ బస్సు డ్రైవరు చేతిలో పెట్టేదాన్ని. మన దీవుల్లో ఆ రోడ్డు మీద నడిచే బస్సంటే మనుషుల బండి మాత్రమే కాదు కదా. పెళ్లి పత్రికలు, కోడిపిల్లలు, కళ్లజోళ్లు, కరివేపాకు, క్యాన్సరు మందులు, అన్నీ డ్రైవరు సీటు పక్కనున్న పెట్టెలోనే. ఆ డ్రైవరూ మన వైపు వాడే, నేను ఎత్తుకు తిరిగినవాడు. ఒక్క ప్యాకెట్టు తప్పిపోయిందని ఎరగం.

మూడోసారి ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. కొంగు తీశారు. మేం నోళ్లు వెళ్లబెట్టాం.

మొహం నిగనిగలాడుతోంది. ఒక్క గుల్ల లేదు, ఒక్క ఎర్రచుక్క లేదు. సారు భూతద్దం పెట్టి వెతికారు. భయ్యా రాణీ నుదుటి మీద ముద్దు పెట్టబోయి కాగితం గుర్తొచ్చి ఆగాడు. ఇక ఆ గదిలో జరిగిన సంబరం ఏం చెప్పమంటారు. ఫొటోలు తీశాం. ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి చంకలు గుద్దుకున్నాం. చెన్నైలో డాక్టర్ల సభలో చెప్పాలని సారు అప్పటికప్పుడు ల్యాప్‌టాప్ తెరిచారు. పక్క విభాగాల వాళ్లని పిలిచి చూపించాం. నేను లడ్డూలు తెప్పించాను. ఆవిడ నోట్లో మొదటి లడ్డూ నేనే పెట్టాను. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు, లడ్డూ మాత్రం సగం తిని కాగితంలో చుట్టుకున్నారు. పిల్లల కోసం కాబోలనుకున్నాను. ఈ రోజుకిక లేజర్ అక్కర్లేదని సారు దర్జాగా ప్రకటించారు.

సాయంత్రం డ్యూటీ దిగి, మిగిలిన లడ్డూలు పట్టుకుని బస్టాండుకి వెళ్లాను. నెలనెలా మందు మోసింది డ్రైవరే కదా, వాడికీ వాటా ఉండాలి. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. దారిలో కనపడిన వాళ్లందరికీ లేజర్ గురించి చెప్తున్నాను, లేజర్ నేనే కనిపెట్టినట్టు. బస్సు వచ్చి ఆగింది. వాడు లడ్డూ నోట్లో వేసుకుని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, సీటు పక్క పెట్టె తెరిచాడు.

"దీదీ, మీ టీచరమ్మ పాకెట్టు ఇంకా గాడీలోనే ఉండిపోనాది. ఎప్పుడు ఇస్తానన్నా తర్వాత, తర్వాత అంటంది. ఏటి సెయ్యమంటారు?"

ప్యాకెట్టు నా చేతిలోకి వచ్చింది. నేను వేసిన ముడి అలాగే ఉంది. ఆ నెల గోలీలు ఒక్కటీ కదల్లేదు. బస్టాండులో అంత గోలగా ఉంటుందా, నాకు ఏమీ వినపడలేదు. మొహం ఎందుకు బాగుపడిందో అప్పుడు తెలిసింది. గోలీ మానేస్తే దద్దురు దానంతటదే పోతుంది. మా రాణి చేసింది ఏమీ లేదు. నా చేత్తో నేను ఆవిడకి మందు మానేసినందుకు లడ్డూ తినిపించాను.

వాడి మీద అరిచాను, ముందే ఎందుకు చెప్పలేదని. మీరు అడగలేదు కదా దీదీ అన్నాడు. నిజమే కదా.

ఆటో ఎక్కి మిన్నీ బే వెళ్లాను. వాళ్లక్క ఇంటి వరండాలో ఆవిడ ఒక్కతే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. నా చేతిలో ప్యాకెట్టు చూశారు. చేతులు ఆగిపోయాయి. నా నోటి దురుసు సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఆటోలో కూర్చుని తిట్లన్నీ వరసగా పేర్చుకుని మరీ వచ్చాను. ఆవిడ మొహం చూసేసరికి ఒక్కటీ రాలేదు. పక్కన చతికిలబడ్డాను.

"కోప్పడండి దీదీ. నేనైతే కోప్పడుదును," అన్నారావిడ.

"మేం ఒక్కసారి కూడా అడగలేదు కదమ్మా," అన్నాను.

దానికి ఆవిడ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు. తర్వాత చెప్పుకొచ్చారు.

"రెండోసారి లేజరయ్యాక బడికెళ్లాను దీదీ. నీలంగా కమిలింది కదా మొహం. కొంగు పట్టుకు తిరిగే పిల్లుందే, అది నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఆ రోజే గోలీ బంద్ చేసేశాను. రోజులు గడిచేకొద్దీ మొహం తేటపడింది. ఓ రోజు అదే వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఇంక గోలీ ఎలా వేసుకోమంటారు, చెప్పండి? మీతో చెబుదామనే వచ్చానివాళ. మీరంతా లడ్డూలు పట్టుకుని నిలబడితే నాకు నోరు రాలేదు."

పిల్లలూ, ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. ముందు ఆవిడని భయపెట్టింది మందు. రెండోసారి భయపెట్టింది మేం కొట్టిన దెబ్బ. మూడోసారి ఆవిడ నోరు నొక్కింది మా సంతోషం. ఓపీలో జలుబుతో వచ్చిన వాడిని కూడా మందులు వేసుకుంటున్నావా అని అడుగుతాం. ఆ రోజు ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న, గదిలో ఉన్న అంతమందిలో ఎవరికీ తట్టలేదు. మెషీన్ పనిచేసిందని మాకంత గట్టిగా అనిపించింది మరి. అనుభవం నాకు నిండుగా ఉంది, అది ఆ రోజు ఇంట్లో వదిలేసి వెళ్లినట్టున్నాను.

మర్నాడు తెల్లవారుజాము బస్సు ఎక్కవద్దని ఆవిడని ఒప్పించి, నేనే వెంటబెట్టుకుని సారు దగ్గరికి తీసుకెళ్లాను. భయపడుతూనే చెప్పాను. కుర్రవాడు కదా, అంత సంబరపడ్డాడు, ఎలా తీసుకుంటాడో అని. ఆయన మొత్తం విన్నారు. ల్యాప్‌టాప్ తెరిచి, నిన్న తయారుచేసిన బొమ్మలన్నీ మా ఎదురుగానే ఒక్కొక్కటే చెరిపేశారు. తప్పు మీది కాదు, అడగాల్సింది నేను అని హిందీలో ఆవిడకి చెప్పారు. భయ్యా రాణి మీద గుడ్డ కప్పేశాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

క్యాన్సరు డాక్టరుకి ఫోను వెళ్లింది. ఆ వారంలోనే స్కాన్ తీశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా మా ముగ్గురికీ అన్నం సహించలేదు. గడ్డ పెరగలేదు. అదృష్టం అనే మాట నేను తరచుగా వాడను, ఆ రోజు వాడాను. గోలీ మోతాదు కొంచెం తగ్గించి మళ్లీ మొదలెట్టాలన్నారు. ఈసారి దద్దురు వచ్చేదాకా ఆగకుండా మొదటి రోజు నుంచే పూతమందూ గొట్టం మాత్రలూ వాడాలి. అవసరమైతే లేజర్, తక్కువ దెబ్బతో, కమలకుండా, అదీ బడి సెలవుల్లో.

సారు ఆవిడకి ఏదీ దాచలేదు. దద్దురు మళ్లీ వస్తుందన్నారు. చాలామందిలో అది మందు ఒంట్లో పని మొదలెట్టిందనడానికి ఒక గుర్తు, అది వచ్చినంత మాత్రాన హామీ ఏమీ లేదు గానీ, వస్తే మాత్రం నాకు సంతోషమే అన్నారు.

"అయితే మొటిమ రాలేదంటే ఏడవాలాండీ?" అని అడిగారావిడ.

రాకపోయినా గోలీ మానకూడదని సారు గబగబా చెప్పేసరికి అందరం పకపకా నవ్వాం. ఆ నవ్వులోనే ఆవిడకి ఏదో తట్టింది. మా పిల్లలకి లెక్కలు చెప్పడానికి పనికొస్తాయి ఈ మొటిమలు అన్నారు. వెళ్తూ వెళ్తూ లేజర్ కళ్లజోడు ఒకటి అడిగారు. ఆ కళ్లజోళ్లని భయ్యా నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. తాడు తెగిన పాతదాన్ని తీసి, కొత్త తాడు కట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఆవిడ ఇప్పటికీ రంగత్‌లో అదే బడిలో ఉన్నారు. స్కాన్లు అవుతూనే ఉన్నాయి, గోలీ నడుస్తూనే ఉంది. లేజర్ కూడా ఆ తర్వాత నిజంగానే పని చేసింది, ఎరుపు మీద, కొంచెం కొంచెంగా, లడ్డూలు పంచేంత కాదు. సారు చెన్నై సభకి వెళ్లారు, ఓడలో కాదు. అక్కడ అందరూ తాము గెలిచిన సంగతులు చెబితే ఈయన ఒక్కడే అడగని ప్రశ్న గురించి చెప్పి కూర్చున్నారట. చప్పట్లు బాగానే పడ్డాయని చెవులదాకా నవ్వుతూ చెప్పారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాలనుకున్నది ఒక ఫోను గురించి.

ఆవిడ రంగత్ వెళ్లి గోలీ మళ్లీ మొదలెట్టాక, రోజూ మాకు అదే ధ్యాస. నాకన్నా డ్రైవరుకి ఎక్కువైంది. మీరు అడగలేదు కదా అని నాతో అన్నవాడు ఆ రోజు నుంచి రోజూ బడి ముందు బస్సు ఆపి, గోలీ అయిందా టీచరమ్మా అని కేకేయడం మొదలెట్టాడు. కొన్నాళ్లకి బస్సులో వాళ్లు కూడా అందుకున్నారట. కూరగాయల బుట్టల వాళ్లు, పోలీసు జవాను, ఎవరో పర్యాటకులు, అందరూ కిటికీల్లోంచి ఆవిడని అదే అడగడం. మానేద్దామన్నా మానేసే దారి లేకుండా చేశారు దీదీ, అని ఆవిడ ఫోనులో మొత్తుకున్నారు. రోజులు గడిచాయి. మొటిమ రాలేదు. సారు రోజూ ఏమైనా వార్త ఉందా అన్నట్టు నా వైపు చూడటం, నేను తల అడ్డంగా ఊపడం.

ఒక రోజు మధ్యాహ్నం, గదిలో ఎర్రమచ్చ ఉన్న పసివాడికి లేజర్ చేసి అప్పుడే దించాం. నా ఫోను మోగింది. స్పీకరు నొక్కాను.

"వచ్చింది దీదీ," అన్నారావిడ.

ఏం వచ్చింది, ఎక్కడ వచ్చింది అని నేను అడిగేలోపే వెనకాల నుంచి పిల్లల గోల. ముక్కు మీద ఒకటట, దాని చుట్టూ మూగారు. ఏక్, అని క్లాసు క్లాసంతా రాగం తీసింది. గడ్డం మీద, దో. నుదుటి మీద, తీన్. ఆవిడ ఏ అంకె దగ్గర ఆపమన్నా ఆగడం లేదు, లేనివి కూడా లెక్కపెడుతున్నారు. మధ్యలో ఒక చిన్న గొంతు, కొంగు పట్టుకు తిరిగే పిల్ల గొంతని ఆవిడే తర్వాత చెప్పారు, చెవి దగ్గర ఇంకోటుంది, నేను ముట్టుకుని చూశాను అని గట్టిగా అరిచింది. లేజర్ కళ్లజోడు పెట్టుకున్న వాళ్లే లెక్కపెట్టాలట, అదీ ఆ క్లాసు నియమం. కాబట్టి దాని కోసం కొట్లాట.

నేను గంతులేశాను. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, నిజంగా వేశాను. సారు చప్పట్లు కొడుతూ గదంతా తిరిగారు. భయ్యా రాణి మీద చెయ్యి వేసి, నువ్వు కాదులే, అయినా సంతోషించు అన్నాడు. పసివాడి తల్లి మా ముగ్గురినీ చూసి బిడ్డని గట్టిగా ఎత్తుకుంది. సారు జేబులో చెయ్యి పెట్టి భయ్యాని లడ్డూలకి పంపించారు.

కొట్టాయన తూకం వేస్తూ ఏంటి భయ్యా శుభవార్త అని అడిగాడట. మొటిమ వచ్చింది అని చెప్పాడట మావాడు. ఆయన తూకం ఆపేసి, ఎవరైనా డాక్టరుకి చూపించరాదా అన్నాడట. డాక్టరు సారే లడ్డూలు తెమ్మన్నారు అని చెప్పి, డబ్బా పట్టుకుని వచ్చేశాడు.

డబ్బా తెరిచాం. సారు చెయ్యి లడ్డూ మీదకి వెళ్లింది. నేను ఆ చెయ్యి మీద ఒక్కటి కొట్టాను. రిటైరవబోయే నర్సుకి ఆ హక్కు ఉంటుంది. మళ్లీ రంగత్‌కి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, ఈసారి ఆవిడని కాదు, క్లాసుని అడిగాను, టీచర్ ఇవాళ గోలీ వేసుకున్నారా అని. ఎందుకంటే ఆవిడ ఇప్పుడు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ నిలబడి వేసుకుంటున్నారు, నోరు తెరిచి చూపిస్తున్నారు కూడా.

"ఖా లియా దీదీ," అని రెండో తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది, వేసేసుకున్నారని.

అప్పుడు తిన్నాను. రెండు తిన్నాను.